నెల్లూరు పద్యం క్లాసు: 1,800 రూపాయలకు ఏం నేర్పుతున్నారు, ఎక్కడ తేలిపోతున్నారు

నెల్లూరులో డీఎస్సీ కోచింగులకు కొదవ లేదు. అలంకారాలు, ఛందస్సు అంటూ బిట్లు బిట్లుగా అచ్చేసిన గైడ్లయితే ట్రంకు రోడ్డు పుస్తకాల షాపుల్లో అడిగినన్ని. అవి చదివితే 'కింది వాటిలో ఉపమావాచకం ఏది' అన్న బిట్టుకి జవాబు పెట్టొచ్చు. కొత్త పద్యం ఒకటి చేతికిచ్చి 'ఇందులో ఏముందో పది వాక్యాల్లో రాయండి' అంటే మాత్రం ఆ గైడ్లు వల్లెవేసినవాళ్ళే పెన్ను పక్కన పెట్టేస్తారు. మాగుంట లేఅవుట్‌లో ఒక ఇంటి మేడ మీద నడిచే ఆదివారం క్లాసు ఇలాంటివాళ్ళ కోసమే పెట్టింది. బయట బోర్డు లేదు, క్లాసుకో పేరంటూ లేదు. వచ్చేవాళ్ళంతా 'పద్యం క్లాసు' అంటారు, ఇక్కడా అలాగే అనుకుందాం.

ముందు లెక్కలు చూద్దాం. 8 ఆదివారాలు, పొద్దున 9.30 నుంచి 12.30 దాకా, మధ్యలో టీ. ఫీజు 1,800 రూపాయలు, 96 పేజీల స్పైరల్ నోట్సు అందులోనే. బ్యాచికి 20 మందికి మించి తీసుకోరు. చెప్పేది ఇద్దరు: కాలేజీలో తెలుగు చెప్పి రిటైరైన మాస్టారు ఒకరు, హైస్కూల్లో తెలుగు చెప్పే మేడం ఒకరు. పద్యం, సందర్భం, అలంకారం మాస్టారివి. ఛందస్సు, జవాబు రాయించడం మేడానివి. వచ్చేవాళ్ళలో సగం మంది డీఎస్సీకి చదివేవాళ్ళు, తక్కినవాళ్ళు డిగ్రీ పిల్లలు, ఇంట్లో పిల్లలకు చెప్పుకోవాలనుకునే అమ్మలు, ఒకరిద్దరు పెన్షనర్లు. కోవూరు, కావలి, గూడూరు నుంచి బస్సెక్కి వచ్చేవాళ్ళున్నారు. ఒంగోలు నుంచి రావాలంటే 9.30 కష్టమే.

ఈ క్లాసులో మెచ్చుకోవలసింది మొదట వరస. గైడ్లన్నీ అలంకారం నిర్వచనంతో మొదలెట్టి, ఉదాహరణగా ఒక పాదం తెచ్చి అంటిస్తాయి. ఇక్కడ అది తలకిందులు. పద్యం ముందు, పేరు చివర. మొదటి రెండు ఆదివారాలు అసలు అలంకారం అన్న మాటే ఎత్తరు. అందుకు డీఎస్సీవాళ్ళు గొణుగుతారు. మూడో వారం నుంచి గొణుగుడు తగ్గుతుంది.

పద్యం చేతికి రాగానే చేయించే పని, పైకి రెండుసార్లు చదవడం. మొదటిసారి అర్థం ఎక్కడ ఆగితే అక్కడ ఆగాలి. రెండోసారి పాదం ఎక్కడ విరిగితే అక్కడ ఆగాలి. ఇదేదో పిల్లల ఆటలా అనిపిస్తుంది గానీ దీని అవసరం తిక్కన పద్యం దగ్గర బాగా తెలుస్తుంది. విరాటపర్వంలోది, అర్జునుణ్ణి చూసి కౌరవుల వైపు నుంచి వచ్చే మాట:

సింగం బాకటితో గుహాంతరమునం జేట్పాటు మైనుండి మా
తంగ స్ఫూర్జిత యూథ దర్శన సముద్యత్క్రోధమై వచ్చు నో
జం గాంతార నివాస ఖిన్నమతి నస్మత్సేనపై వీడె వ
చ్చెం గుంతీసుత మధ్యముండు సమర స్థేమాభిరామాకృతిన్

మొదటి మూడు పాదాలూ మాట మధ్యలో తెగుతాయి. మాతంగ అన్న మాట 'మా' దగ్గర, ఓజన్ అన్నది 'నో' దగ్గర, వచ్చెన్ అన్నది 'వ' దగ్గర విరిగి కింది పాదంలోకి దిగుతాయి. పాదానికో ఊపిరి చొప్పున చదివే అలవాటున్నవాళ్ళకి అందుకే ఈ పద్యం అర్థం కాదు. అర్థానికి ఆగుతూ చదివితే రెండు ముక్కలుగా విడిపోతుంది: గుహలో ఆకలితో ఉన్న సింహం ఏనుగుల గుంపును చూసి కోపంతో వచ్చే సంగతి 'ఓజన్' (అంటే 'విధంగా') దాకా, అడవిలో ఉండి నలిగిన అర్జునుడు సేన మీదికి వచ్చే సంగతి అక్కణ్ణుంచి.

తర్వాత పదవిభాగం. ఇక్కడ మాస్టారు చెప్పే చిట్కా ఏ గైడులోనూ అంత సూటిగా లేదు. పద్యంలో 'గాంతార' అని కనబడుతుంది. నిఘంటువులో గాంతార కోసం వెతికితే దొరకదు. ముందున్న 'ఓజన్'లో ద్రుతం (చివరి న్) వల్ల క కాస్తా గ అయింది, కాబట్టి 'కాంతారం' కింద వెతకాలి, అంటే అడవి. 'వచ్చెం గుంతీసుత' కూడా అంతే, వచ్చెన్, కుంతీసుత. గ, జ, డ, ద, బ లతో మొదలయ్యే మాట అర్థం కాకపోతే, దాని ముందు సున్న గానీ అరసున్న గానీ ఉందేమో చూసి, క, చ, ట, త, ప ల కింద ఒకసారి వెతకమంటారు. నిఘంటువు చూసినా అర్థాలు దొరకడం లేదనే ఫిర్యాదు చాలావరకు దీనితోనే తీరిపోతుంది. క్లాసులో ఒక శబ్దరత్నాకరం నిఘంటువు బల్ల మీద ఉంటుంది, ఫోన్లో ఆంధ్రభారతి నిఘంటువు తెరుచుకోవచ్చు.

మూడో పని సందర్భం: ఎవరు, ఎవరితో, ఎప్పుడు అంటున్నారు. ఈ పద్యానికి ప్రాణం అక్కడే ఉంది. గుహకు అడవి, ఆకలికి నలిగిన మనసు, ఏనుగుల గుంపుకు సేన. పోలికలు వరసగా జతపడతాయి. అయితే ఆ సేన ఎవరిది? 'అస్మత్సేన', అంటే మన సేన. మాట్లాడేది కౌరవుల పక్షం మనిషి. తన సొంత సైన్యాన్ని సింహం ముందు పడ్డ ఏనుగుల మందగా తనే ఒప్పుకుంటున్నాడు. 'అస్మత్' తీసేసి 'కౌరవ' అని పెట్టి చూడండి, పక్కనుంచి చూసేవాడెవడో అర్జునుణ్ణి పొగిడినట్టే ఉంటుంది, మాట్లాడేవాడి గుండెల్లో దడ వినబడదు. ఇలా ఒక్క మాట తీసి, దాని బదులు ఇంకోటి పెట్టి, ఏం పోయిందో చెప్పమనడాన్ని వీళ్ళు 'తీసి చూడు' అంటారు. క్లాసు మొత్తానికీ నాకు బాగా నచ్చిన పనిముట్టు ఇదే. కుంతి కొడుకుల్లో నడిమివాడు భీముడు కదా, ఇక్కడ అర్జునుడెలా అయ్యాడని ఎవరో ఒకరు అడగక మానరు. ఐదుగురు పాండవుల్లో నడిమివాడు అర్జునుడే. కానీ కవి అన్నది 'కుంతీసుత' అని కదా అంటూ చర్చ సాగుతుంది. మాస్టారు దాన్ని తొందరపడి తేల్చెయ్యరు.

అలంకారం దగ్గరికి వచ్చేసరికి నాలుగు గళ్ళు గీయిస్తారు: ఉపమేయం, ఉపమానం, సమాన ధర్మం, ఉపమావాచకం. అర్జునుడు, సింహం, కోపంతో మీదికి రావడం, ఓజన్. 'వలె', 'లాగ', 'పోలె' మాత్రమే ఉపమావాచకాలని బట్టీ పట్టినవాళ్ళు 'ఓజన్' దగ్గర ఆగిపోతారు. విధంగా, రీతిగా అనే అర్థం వచ్చే మాట ఏదైనా ఆ గడిలో కూర్చుంటుందని ఇక్కడ తెలుసుకుంటారు. గళ్ళు నిండగానే ఉపమ అని రాసేసి ఊరుకుంటే మేడం ఒప్పుకోరు. మొదటి రెండు పాదాలూ సింహమే కళ్ళ ముందు తిరుగుతూ ఉండగా మనిషి నాలుగో పాదంలో గానీ పేరుతో ఎందుకు రాలేదు అన్నది తర్వాతి ప్రశ్న. జవాబు చెప్పలేనివాళ్ళ నోట్సులో ఆ గళ్ళ కింద సున్న చుడతారు.

దీనికి సరిగ్గా ఎదురుగా వేమన పద్యం పెట్టడం తెలివైన పని.

ఉప్పు కప్పురంబు నొక్క పోలికనుండు
చూడ చూడ రుచుల జాడ వేరు
పురుషులందు పుణ్యపురుషులు వేరయా
విశ్వదాభిరామ వినుర వేమ

'పోలిక' అన్న మాట కనబడగానే చేతులు లేస్తాయి, ఉపమాలంకారం అని. పోలిక ఉన్నది ఉప్పుకీ కర్పూరానికీ మధ్య. కవి చెప్పదలచుకున్నది మనుషుల గురించి. ఆ రెంటినీ కలిపే 'లాగ' ఎక్కడా లేదు. ఒక సంగతి చెప్పి, పక్కన అద్దం పెట్టినట్టు ఇంకో సంగతి చెప్పి వదిలేశాడు, కాబట్టి దృష్టాంతం. అర్థాంతరన్యాసం అనేవాళ్ళూ ఉన్నారు. అది కావాలంటే ఒక వైపు సామాన్య విషయం, ఇంకో వైపు దాన్ని నిలబెట్టే విశేషం ఉండాలి. ఇక్కడ ఏది సామాన్యం, ఏది విశేషం అని అడిగితే వాదన నడుస్తుంది. క్లాసులో ఆ వాదన అరగంట సాగింది, సాగనివ్వాలి కూడా. పరీక్షలో ఏం రాయాలి అని అడిగినవాళ్ళకి మేడం సూటిగా దృష్టాంతం రాయమన్నారు.

ఇదే పద్యంతో యతి (పాదం మొదటి అక్షరానికి అదే పాదంలో ఇంకో అక్షరం జత కుదరడం) కూడా చెప్పేస్తారు, అదీ చాలా బాగా. ఈ పద్యం ఆటవెలది. దాని మొదటి పాదంలో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు (గణమంటే గురువు, లఘువు అనే పొడుగు, పొట్టి అక్షరాల గుంపు; సూర్యగణం చిన్నది, ఇంద్రగణం పెద్దది). నాలుగో గణం మొదటి అక్షరం దగ్గర యతి. పాదం మొదట 'ఉ', యతి చోట 'నొ'. ఉ కీ న కీ పొత్తేమిటి, యతి తప్పిందని రాసేస్తారు చాలామంది. 'కప్పురంబున్, ఒక్క' అని విడదీస్తే న అంతకు ముందు మాటలోది, అసలు మాట 'ఒక్క' అని తేలుతుంది. ఉ, ఊ, ఒ, ఓ ఒక జట్టు, కాబట్టి యతి కుదిరింది. రెండో పాదం ఐదూ సూర్యగణాలే. 'చూ'కి 'జా' జత. హల్లులు చ, జ ఒక జట్టే గానీ ఊ కీ ఆ కీ మైత్రి లేదు. మళ్ళీ తప్పా? కాదు, 'చూడ', 'జాడ' అని రెండో అక్షరం డ రెండుచోట్లా వచ్చింది, అది ప్రాసయతి. ఆటవెలదిలో ప్రాసయతి వాడుకోవచ్చు. పై తిక్కన పద్యం ఛందస్సైన శార్దూలంలో, ఉత్పలమాలలో కుదరదు. మూడో పాదంలో పు కి పు, నాలుగులో వి కి వి, మామూలు యతి. నాలుగు పాదాల చిన్న పద్యం మూడు రకాల యతి చూపించేసింది. గైడ్లలో యతి భేదాలు వరసగా పేర్లతో ఉంటాయి. చదివినవాళ్ళకి పేర్లు గుర్తుంటాయి, చూస్తే పోల్చుకోలేరు.

గురులఘువులకు మేడం గళ్ళ నోటుబుక్కు తెమ్మంటారు. గడికో అక్షరం. ఒత్తులు వేరే గడిలో రాయకూడదు, 'స్ఫూ' మొత్తం ఒక్క గడి. దీర్ఘం, సున్న, విసర్గ, పొల్లు ఉన్నవి గురువులు, జంటక్షరం ముందున్నదీ గురువే. ఇంతవరకు అందరికీ వచ్చు. తప్పులు పుట్టేది చివరి సూత్రం దగ్గర. పై పద్యం రెండో పాదంలో 'మాతంగ స్ఫూర్జిత' అన్నచోట గ గురువు, ఎందుకంటే అదంతా ఒకే సమాసం. అద్దంకి శాసనంలో తరువోజ మొదటి పాదం చూడండి:

పట్టంబు గట్టిన ప్రథమంబు నేడు బలగర్వ మొప్పగ బైలేచి సేన

ఇక్కడ 'ప్ర' ముందున్న 'న' లఘువు. 'గట్టిన' వేరు, 'ప్రథమంబు' వేరు, సమాసం లేదు. ఇందులో తమాషా ఏమిటంటే న ని గురువు చేసేసినా లెక్క చెడదు. లఘువైతే భగణం, గురువైతే రగణం, రెండూ ఇంద్రగణాలే. అందువల్ల తప్పు చేసినవాళ్ళకి తప్పు చేశామని తెలియదు. ఏ గణం తర్వాత ఏది రావాలో ఖాయంగా ఉండే శార్దూలం లాంటి వృత్త పద్యంలో ఇదే తప్పు చేస్తే గణం విరిగి దొరికిపోతారు. తరువోజ లాంటి దేశి ఛందస్సులో గణాలు కుదిరాయి కదా అని నిశ్చింతగా ఉండకూడదని చెప్పడానికి ఇంతకంటే మంచి పాదం దొరకదు. తరువోజ పాదమంటే ద్విపద పాదాలు రెండు పక్కపక్కన పెట్టినట్టు: మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం, మళ్ళీ అంతే. యతి 3, 5, 7 గణాల మొదట. పట్టంబులో ప, ప్రథమంబులో ప్ర, బలగర్వలో బ, బైలేచిలో బై, అన్నీ ప, బ జట్టే. క్రీ.శ. 848 నాటి రాయి మీద ఇంత తూచినట్టు పడ్డ యతులు చూశాక, పద్యం నన్నయతోనే మొదలైందని ఎవరూ అనరు.

పాఠాలకు ఏరుకున్న పద్యాల్లో ఎక్కువ ఈ చుట్టుపక్కలవే కావడం ఈ క్లాసు ప్రత్యేకత. మనుమసిద్ధి కొలువులో ఉన్న తిక్కన, అద్దంకిలో ప్రోలయ వేమారెడ్డి కొలువులో ఉన్న ఎఱ్ఱన, పండరంగడు వేయించిన అద్దంకి శాసనం. ఊరి అభిమానం కోసం ఏరినట్టు లేదు, ఏ పద్యం ఏ పాఠానికి పనికొస్తుందో చూసి ఏరారు. ఆరో ఆదివారం రెండు పద్యాలు పక్కపక్కన పెట్టి చదివించే పాఠం ఉంది. నన్నయ భారతం ఆపేసిన పద్యం 'శారదరాత్రులు' అని మొదలవుతుంది, శరత్కాలపు రాత్రి. అరణ్యపర్వ శేషాన్ని ఎఱ్ఱన ఎత్తుకున్న పద్యం 'స్ఫురదరుణాంశు' అని మొదలవుతుంది, అదే శరత్తు, కానీ తెల్లవారుతోంది. చుక్కల రాత్రి దగ్గర ఒకాయన ఆగితే ఎర్రటి పొద్దు దగ్గర ఇంకొకాయన మొదలుపెట్టాడు. వర్ణన మాత్రమే అనిపించే పద్యానికి చుట్టుపక్కల ఏముందో చూస్తే అర్థం ఎంత పెరుగుతుందో చెప్పడానికి ఇది గట్టి పాఠం. దీన్ని ముప్పావుగంటలో పరుగెత్తించడం అన్యాయం. మూడు గంటలూ దీనికే ఇవ్వాల్సింది.

ఉపమ, ఉత్ప్రేక్ష, రూపకం తికమక తీర్చడానికి వాడే ఉదాహరణ ఇస్కపల్లి ఉప్పు కొఠార్లది. 'ఉప్పు కుప్పలు వెండికొండల్లా ఉన్నాయి' ఉపమ. 'ఆ కుప్పలు వెండికొండలేమో అనిపిస్తున్నాయి' ఉత్ప్రేక్ష. 'ఆ కుప్పలు వెండికొండలే' రూపకం. 'ఆ కుప్పలు ఆకాశాన్ని ఒరుసుకుంటున్నాయి' అంటే అతిశయోక్తి. 'ఎండకు రాళ్ళుప్పు మిలమిలమంటోంది, తట్ట దించిన కూలీ మెడ తుడుచుకుంటోంది' అంటే స్వభావోక్తి. చందమామ లాంటి ముఖం ఉదాహరణల మధ్య నలిగిపోయినవాళ్ళకి ఇది హాయిగా ఉంటుంది. ఇక్కడితో ఆగకుండా, మూడింట్లో కవి ఏది ఎందుకు ఎంచుకుంటాడు అని అడుగుతారు. ఉపమలో రెండూ వేరని ఒప్పుకుంటూనే పక్కన పెడతాం. ఉత్ప్రేక్షలో ఊహిస్తున్నామని మనకే తెలుసు. రూపకంలో తేడానే చెరిపేస్తాం. అంటే ఆ క్షణంలో మాట్లాడేవాడు ఎంత తడబడుతున్నాడో, ఎంత నమ్ముతున్నాడో అలంకారం చెబుతుందన్నమాట.

శబ్దాలంకారాలు మాత్రం త్వరగా ముగించారు, అది సబబే. యమకానికీ లాటానుప్రాసకీ తేడా ఒక్కటి గట్టిగా పట్టించారు. పోతన 'లేమా దనుజుల గెలువగ లేమా' అన్నచోట మొదటి లేమ స్త్రీ, రెండోది గెలవలేమా అన్న ప్రశ్న. అర్థం మారింది, యమకం. 'కమలాక్షు నర్చించు కరములు కరములు' అన్నచోట రెండు కరములూ చేతులే. రెండోది 'నిజమైన చేతులంటే అవే' అని తాత్పర్యం మారుస్తుంది, లాటానుప్రాస. పరీక్షలో మార్కులు పోయేది ఇక్కడే.

ఇక లోపాలు. మొదటిది నోట్సు. క్లాసులో ఇంత జాగ్రత్తగా చెప్పినవాళ్ళు ఈ 96 పేజీల్ని అచ్చుకు ముందు ఒక్కసారి చదువుకున్నట్టు లేరు. అరసున్నలు డీటీపీలో ఎగిరిపోయాయి. పైన చెప్పిన ద్రుతం చిట్కా అరసున్న, నిండుసున్నల మీదే నడుస్తుంది. అచ్చులో అవి లేకపోతే ఇంటికెళ్ళి సాధన చేసేవాళ్ళకి ఆ దారి మూసుకుపోయినట్టే. కొన్ని పేజీల్లో ఒత్తులు పక్కకి జరిగాయి. 'కరములు కరములు' పాదం ఒకచోట యమకం కింద కూడా అచ్చయింది, అంటే క్లాసులో చెప్పినదానికి నేరుగా విరుద్ధం. పోతే చివరి 30 పేజీలూ బిట్లే. బయట గైడులో ఉన్నవే. వాటి బదులు జవాబుల్లేని పద్యాలు ఒక 30 ఇచ్చినా చాలు.

రెండోది పెద్ద లోపం, వచన కవిత. 8 వారాల్లో ఏడోది ఒక్కటే దానికి. పద్యం దగ్గర అంత పదునుగా ఉన్న పద్ధతి వచన కవిత దగ్గరికి రాగానే 'భావన', 'ప్రతీక', 'అభివ్యక్తి' అనే పెద్ద మాటల్లోకి జారుకుంది. ఒకరు రాసి తెచ్చిన నాలుగు పాదాలు బోర్డు మీద పెట్టారు:

వేసవిలో పెన్న
ఒంటి మీద బట్ట లేని ముసలమ్మ
లారీలు వచ్చి
నగలడుగుతాయి

'మానవీకరణ, ప్రతీకాత్మకత' అని రాయించి ముందుకెళ్ళిపోయారు. ఇక్కడ 'తీసి చూడు' ఎంత బాగా పనిచేసేదో! 'పెన్న ముసలమ్మలా ఉంది' అని మార్చి చూడండి, రూపకం ఉపమగా జారుతుంది, నాలుగో పాదం బలం సగం పోతుంది, ఎందుకంటే పెన్నకి నగలుండవు, ముసలమ్మకే ఉండాలి. 'బట్ట లేని' అన్నాక 'నగలు' రావడంలోనే వెక్కిరింపు ఉంది, కట్టుబట్టకే గతిలేనిదాన్ని నగలడగడం. 'అడుగుతాయి' బదులు 'దోచుకుంటాయి' అంటే? అడగడంలో ఉన్న పెద్దమనిషి తరహా పోతుంది. ఇసుక అన్న మాట ఎక్కడా లేకపోవడం గమనించమని అయినా చెప్పాల్సింది. పాదం ఎక్కడ విరిచారు, 'లారీలు వచ్చి' దగ్గర ఎందుకు ఆపారు అన్నది కూడా అడగాలి. వచన కవితలో యతి చేసే పనిలో కొంత పాదం విరుపు చేస్తుంది. గణాలు లేవు కాబట్టి ఛందస్సు గళ్ళు పనికిరావు, నిజమే. కానీ ఎవరు, ఎవరితో, ఏ మాట, ఆ మాటే ఎందుకు అన్న ప్రశ్నలకు గణాలతో పనేముంది?

మూడోది మేడ. పైన రేకుల షెడ్డు, రెండు ఫ్యాన్లు. నెల్లూరు మే నెల ఎండలో 11 దాటాక శార్దూలం ఏమిటి, ద్విపద కూడా తలకెక్కదు. రాలేని వాళ్ళకి ఆడియో రికార్డింగు వాట్సాప్‌లో పంపుతారు గానీ బోర్డు మీద గణాలు వేసే పాఠం చెవితో వింటే ఏం ప్రయోజనం? బోర్డు ఫొటో ఒకటి జత చేస్తే సరిపోయేది.

జవాబు రాయించే పద్ధతి గురించి చెప్పకపోతే అన్యాయమవుతుంది, ఎందుకంటే మేడం పడే కష్టమంతా అక్కడే. పద్యానికి 12 వరసలు, అంతకు మించకూడదు. మొదటి వరస సందర్భం. తర్వాతి మూడింట్లో సారాంశం, కవి మాటలు మళ్ళీ వాడకుండా. అయిదు వరసలు ఒక్క అలంకారం గురించి గానీ ఒక్క మాట ఎంపిక గురించి గానీ, అది లేకపోతే ఏం పోయేదో చెబుతూ. రెండు వరసలు శబ్దం గురించి, అంటే ప్రాస, యతి, లేదా ఏ అక్షరం మళ్ళీ మళ్ళీ మోగుతోందో. చివరి వరస తనకు తోచిన ప్రశ్న. 'అద్భుతంగా', 'హృద్యంగా', 'కళ్ళకు కట్టినట్టుగా', 'రమణీయంగా' అనే మాటలు నిషేధం. అవి వాడితే ఎర్రసిరా పడుతుంది, పక్కన 'ఎలా?' అని రాస్తారు. చెప్పిన ప్రతి మాటకీ పద్యంలోంచి ఒక పదం కొటేషన్లో చూపించాలి. 20 మంది కాగితాలూ వారం తిరిగేలోపు దిద్ది ఇస్తారు. చదివే కొద్దీ కాగితాల మీద 'ఎలా?'లు తగ్గుతూ రావడం కంటికి కనబడుతుంది. 1,800లో సగం ఈ దిద్దుబాటుకే ఇచ్చామనుకున్నా నష్టం లేదు.

చేరేవాళ్ళు ఏం ఆశించాలో కూడా చెప్పాలి. నెలలో బిట్లన్నీ అయిపోవాలనుకునే వాళ్ళకి ఇది పనికిరాదు, వాళ్ళకి గైడ్లూ మాక్ టెస్టులే మేలు. తెలుగు టీచరు పోస్టుకి చదువుతూ, రేపు క్లాసులో పిల్లల ముందు పద్యం విప్పి చెప్పాల్సినవాళ్ళకి మాత్రం ఇంతకంటే తక్కువ ఖర్చులో దొరకదు. హైస్కూలు పిల్లలకి చెప్పుకోవాలనుకునే తల్లిదండ్రులు మొదటి నాలుగు వారాలు కూర్చున్నా చాలు, విడిగా ఆ నాలుగింటికి 1,000 తీసుకుంటారు. పూర్తిగా వచన కవిత కోసమే వచ్చేవాళ్ళు ప్రస్తుతానికి ఆగడం మంచిది. సంధులు బొత్తిగా మర్చిపోయినవాళ్ళు చేరే ముందు ద్రుతసంధి, సరళాదేశ సంధి ఒకసారి తిరగేసుకుని రావాలి. లేకపోతే రెండో వారమే వెనకబడతారు.

తెచ్చుకోవాల్సినవి: గళ్ళ నోటుబుక్కు, రెండు రంగుల పెన్నులు, అరసున్నలతో అచ్చయిన భారతం ఏదైనా లైబ్రరీలో దొరికితే దాని జిరాక్సు. క్లాసు నోట్సును నమ్ముకోవద్దు. ఎండాకాలం బ్యాచి వదిలేసి వానాకాలం తర్వాతి బ్యాచికి అడగండి. డీఎస్సీ నోటిఫికేషన్ పడకముందే అడగడం ఇంకా మంచిది. పడ్డాక సీట్లు దొరకవు. దొరికినా, బిట్లు చెప్పండి సార్ అనేవాళ్ళ పోరుకి మాస్టారు మూడో వారానికే లొంగిపోతారు, ఆరో ఆదివారం ఎఱ్ఱన పాఠానికి ఆ ముప్పావుగంట కూడా మిగలదు.